కంపాలాకు రెండున్నర గంటలు

ఆ శనివారం పొద్దున పున్నయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీయించుకోవాలి, తలస్నానం చేయాలి, జరీ అంచు పంచె కట్టాలి, పదకొండున్నరకల్లా వాకిట్లో కూర్చుని నందికి కళ్ళు చెక్కాలి. ఆ కళ్ళు చెక్కడాన్ని ఆఫ్రికాలో కంపాలా అనే ఊళ్ళో జనం తెర మీద చూడాలి. అంతకు మించి అతనేమీ కోరలేదు.

దుర్గిలో రాయి చెక్కే ఇంట పుట్టి, నలభై ఏళ్ళుగా ఉలి పట్టిన మనిషికి ఒకటే దిగులు. మిషను మీద కోసిన బొమ్మలు వచ్చాక అతని నందుల వంక చూసేవాళ్ళు తగ్గిపోయారు. ఊళ్ళో పిల్లలకు అతను రాళ్ళు కొట్టే తాత. శిల్పి అన్నవాడు లేడు. అలాంటిది కిందటేడు విజయవాడలో జరిగిన హస్తకళల మేళాలో నకాటో అనే కంపాలా ఆమె అతని దగ్గర అరచేతిలో పట్టే ఏనుగుబొమ్మ కొని, పావుగంట సేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, ఫోన్ నంబరు రాసుకుని వెళ్ళింది. ఆమె అక్కడ ఒక ఆర్టు గ్యాలరీ నడుపుతుంది. నెల కిందట ఆ గ్యాలరీలో రాబోయే కార్యక్రమాల పట్టిక ఒకటి ఫోన్లోకి వచ్చింది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే బెంజిమిన్ మాస్టారు దాన్ని చదివి పెట్టాడు.

"శుక్రవారం చిత్రాల ప్రదర్శన మొదలంట బాబాయ్. శనివారం మధ్యాహ్నం రెండింటికి డప్పుల వాళ్ళ లైవ్ సంగీతం. దాంతోపాటే దుర్గి నుంచి శిల్పి పున్నయ్య లైవ్‌లో రాతిని చెక్కుతాడు. నచ్చితే నిన్ను రెండు నెలలు కంపాలా పిలిపించుకుని అక్కడే బొమ్మలు చెక్కిస్తారంట."

"శిల్పి అనే రాశారా సారూ?"

"శిల్పి అనే రాశారు."

"ఇంకోసారి చదువు."

బెంజిమిన్ మాస్టారు మూడుసార్లు చదివాడు. నాలుగోసారి చదవబోతూ ఆగి, వేళ్ళ మీద లెక్క వేశాడు. "వాళ్ళు మనకంటే రెండున్నర గంటలు వెనక బాబాయ్. రెండులోంచి రెండున్నర తీసేస్తే పదకొండున్నర. మనం పదకొండున్నరకు కూర్చోవాలి."

పున్నయ్య భార్య సుబ్బరత్నమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది. "వాళ్ళు వెనకుంటే, వాళ్ళకి రెండయ్యేసరికి మనకి పొద్దు వాలాలి గదా సారూ?"

"అది టైమ్ జోను పిన్నీ, వేరే లెక్క," అన్నాడు మాస్టారు.

"నీకెందుకే ఆ గొడవలు, బియ్యం చూడు," అన్నాడు పున్నయ్య. ఆమె బియ్యం చూసింది.

శనివారం పొద్దునకల్లా చిన్న పథకం పెద్దదైంది. టెంట్ హౌస్ ఖాదర్ వలి "ఎండలో కూర్చుని చెక్కుతావా అన్నా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అంటూ షామియానా వేయించాడు. షామియానా వేశాక కుర్చీలు లేకపోతే బోసిగా ఉందని యాభై కుర్చీలు దింపాడు. కుర్చీలున్నాక మైకు పెట్టాడు. మైకు పెట్టాక ఊరుకోలేక అందులో మాట్లాడాడు. "కంపాలా నుంచి వాద్యగాళ్ళు, చిత్రకారులు పదకొండున్నరకి మన పున్నయ్యన్న ఇంటికి లైవ్‌గా వస్తున్నారు! అందరూ రావాల!"

లైవ్ అంటే ప్రాణంతో అని ఊరు అర్థం చేసుకుంది. ఆఫ్రికా నుంచి అంత దూరం వచ్చేవాళ్ళను ఉత్త చేతులతో ఎలా పంపిస్తామని సర్పంచి శాలువాలు తెప్పించాడు. పొరుగింటి గుల్జార్ బేగం వచ్చి "వదినా, వాళ్ళకి అన్నం ఎవరు పెడతారు?" అని అడిగేసరికి సుబ్బరత్నమ్మ చేట అందుకుంది. అరగంటలో పొయ్యి మీద పెద్ద గుండిగ ఎక్కింది. నాలుగు కిలోల బియ్యం పులిహోర అయింది.

ఇంకో నలుగురు పూలదండ పట్టుకుని బస్సు స్టాండుకు పోయారు. కారంపూడి వైపు నుంచి వచ్చిన బస్సులోంచి కోటు, టై వేసుకుని, లాప్‌టాప్ సంచీ తగిలించుకున్న ఒకాయన దిగాడు. "గ్యాలరీ మేనేజరు గారేనా?" అని అడిగారు. బస్సు హారన్ మోతలో ఆయనకు మేనేజరు అన్న మాట ఒక్కటే వినిపించింది. "అవునండీ, ఏరియా మేనేజర్ని," అన్నాడు. మెడలో దండ పడింది.

ఆయన పురుగుమందుల కంపెనీ మనిషి. ఎరువుల కొట్టుకు వచ్చాడు. ఇంత జనం తన కోసం కూర్చోవడం ఆయన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ లేదు. శాలువా కప్పించుకుని, మైకు అందుకుని, మిరపలో నల్ల తామరపురుగు గురించి ముప్పావుగంట మాట్లాడాడు. రైతులు సందేహాలు అడిగారు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. పున్నయ్య మాత్రం జరీ పంచె కట్టుకుని, నంది ముందు, ఎత్తిన సుత్తి ఎత్తినట్టే పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా చూరు కింద, ఖాదర్ వలి ఇచ్చిన స్టాండు మీద బెంజిమిన్ మాస్టారి ట్యాబు ఉంది. ఆరిపోకుండా చార్జరు కూడా తగిలించారు. దాని తెర మీద ఒకే ఒక వాక్యం ఉంది.

"ఏమని ఉంది సారూ?"

"పిలిచేదాకా ఆగమని ఉంది బాబాయ్."

పన్నెండయింది. ఒంటిగంటయింది. పిలవలేదు. పులిహోర మాత్రం అయిపోయింది. ఏరియా మేనేజరు రెండోసారి కూడా వడ్డించుకుని, శాలువాతో సహా ఎరువుల కొట్టుకు వెళ్ళిపోయాడు. "కంపాలా లేదు, ఏం లేదు. ఎవడో ఆటపట్టించాడు," అని కుర్చీల్లోంచి లేచినవాడల్లా ఒక మాట అని వెళ్ళాడు. ఆ మాట సుత్తి దెబ్బ కంటే గట్టిగా తగిలింది పున్నయ్యకు. బెంజిమిన్ మాస్టారు ఎవరి మొహం చూడలేక పెరటి దారిన ఇంటికి పోయాడు. ఆ తొందరలో ట్యాబు సంగతి మరిచాడు.

పున్నయ్య పంచె విప్పి గళ్ళ లుంగీ కట్టాడు. భుజం దగ్గర చిరిగిన బనీను తొడిగాడు. నంది వంక చూడబుద్ధి కాలేదు. గరుకు పోయిందని, గంట్లు కొట్టి పెట్టమని గుల్జార్ బేగం ఇచ్చిన రోలు వారం నుంచి ఓ మూల పడి ఉంది. దాన్ని వాకిట్లోకి దొర్లించుకుని, 'రాళ్ళు కొట్టేవాడికి రాళ్ళు కొట్టడమే దక్కింది' అనుకుంటూ ఉలి పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. టక్ టక టక్. టక్ టక టక్. అవతల ఖాదర్ వలి భోంచేసి, ఓ కునుకు తీసి వచ్చి షామియానా విప్పి, ఇనప గొట్టాలు ఒకదాని మీద ఒకటి పడేస్తున్నాడు. ఇవతల కుళాయి దగ్గర సుబ్బరత్నమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని పులిహోర గుండిగ తోముతోంది. అప్పుడు నాలుగున్నర అయింది.

ఆమె పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది.

"పదకొండున్నరంట! పదకొండున్నర! ఎవురొచ్చారయ్యా పదకొండున్నరకి? కాకొచ్చిందా? పిల్లొచ్చిందా? కంపాలా నుంచి ఒక్క మొకమొచ్చిందా?"

టక్ టక టక్, అన్నది ఉలి.

"నాలుగు కిలోల పులిహోర! ఎవురు తిన్నారు? ఊరు తిన్నది! గుండిగెవురు తోమేది? నేను తోమేది!"

ధన్, అన్నది ఇనప గొట్టం.

"లెక్కలు రాని పంతులొకడు! ఆ పంతులెనక నువ్వొకడివి! పొద్దు వాలాలి గదా అని నే జెప్పలా? బియ్యం చూడమన్నావు! చూశా! వండా! పెట్టా! ఇప్పుడు తోముతున్నా!"

ఎక్కడో దూరంగా డప్పులు మోగుతున్నట్టు పున్నయ్యకు వినిపించింది. పక్క బజారులో ఏదో ఊరేగింపు అనుకున్నాడు. దరువు బాగుంది. అతనికి తెలియకుండానే ఉలి ఆ దరువులో పడింది. గుండిగ మీద పీచు కూడా పడింది. డప్పులు జోరందుకుంటే ఎందుకో సుబ్బరత్నమ్మ కోపమూ జోరందుకుంది. "వచ్చారా? రాలా! తిన్నారా? తినలా! వచ్చారా? రాలా!" అని ఆమె గుండిగను బోర్లించి ఒక్క చరుపు చరిచింది. డప్పులూ సరిగ్గా అక్కడే ఆగాయి.

ఆ వెంటనే చప్పట్లు. పక్క బజారు నుంచి కాదు, చూరు కింది నుంచి.

ముగ్గురూ అటు తిరిగారు. స్టాండు మీద ట్యాబులో, గోడల నిండా బొమ్మలున్న పెద్ద హాలు. హాల్లో వందమంది లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ముందు వరసలో డప్పులవాళ్ళు కర్రలు పైకెత్తి ఊపుతున్నారు. మధ్యలో నకాటో కళ్ళు తుడుచుకుంటోంది.

"అయ్యో, నా బనీను!" అన్నాడు పున్నయ్య.

"అయ్యో, నా నోరు!" అన్నది సుబ్బరత్నమ్మ.

పున్నయ్య ఒక్క అంగలో వెళ్ళి ట్యాబు మీద తుండు కప్పాడు. తుండు కింద చప్పట్లు చాలాసేపు మోగి, చివరికి ఆగాయి.

అయిన పరువుతక్కువ కాస్తా రెండు దేశాల్లో అయింది. కంపాలా ప్రయాణం సంగతి పున్నయ్య మనసులోంచి తీసేశాడు. కానీ నందికి కళ్ళు చెక్కడం మాత్రం అతని వల్ల కాలేదు. ఉలి పెట్టబోతే చేయి వెనక్కి వచ్చేది. మంగళవారం సాయంత్రం బెంజిమిన్ మాస్టారు, ఖాదర్ వలి చేత తెప్పించుకున్న ట్యాబు పట్టుకుని భయపడుతూ గడపలో నిలబడ్డాడు.

"ఉత్తరం వచ్చింది బాబాయ్. మిమ్మల్నిద్దర్నీ రమ్మన్నారు. టిక్కెట్లు వాళ్ళవే."

పున్నయ్య దిగ్గున లేచాడు. "శిల్పం నచ్చిందా సారూ?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "శిల్పం గురించేం రాయలేదు. వచ్చే నెల కార్యక్రమాల పట్టిక పంపారు. లైవ్ సంగీతం అన్నచోట గానం శ్రీమతి పున్నయ్య అని ఉంది, అంటే మన పిన్ని. నీది దాని కింద, రాతి వాయిద్యం. ఆ గుండ్రటి వాయిద్యాన్ని కూడా తప్పకుండా తీసుకురమ్మన్నారు."

"అది రోలు సారూ! గుల్జార్ బేగంది!"

"వాళ్ళకేం తెలుసు? ఇంకోటి, ఆ పాటకు అర్థం రాసి పంపమన్నారు."

ఆ పాటలో సగం తన గురించేనని ఖాదర్ వలి ద్వారా మాస్టారికి అప్పటికే తెలిసింది. అయినా ఇంగ్లీషు మాస్టారు కదా, నిదానంగా ఒక్క వాక్యం టైపు చేసి, తెలుగులో పైకి చదివాడు. "వంట చేసుకుని, దూరం నుంచి వచ్చే అతిథుల కోసం ఎదురుచూసిన ఒక ఇల్లాలి పాట."

సుబ్బరత్నమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. "అబద్ధమేం కాదులే, పంపించు," అన్నది.

పున్నయ్యకు నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. ఆ రాత్రి అన్నం తింటూ "పోనీలే, అక్కడికంటూ పోతే రాళ్ళుండవా? ఏదో ఒకటి చెక్కి చూపిద్దాం," అన్నాడు. సుబ్బరత్నమ్మ అతని కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

గురువారం నాలుగున్నరకు రిహార్సలు పెట్టారు. ఈసారి గడియారం సుబ్బరత్నమ్మే చూసింది. పట్టుచీర కట్టి, తలలో పూలు పెట్టి, కుర్చీలో నిండుగా కూర్చుంది. తెర మీద డప్పులవాళ్ళు సిద్ధం. పున్నయ్య ఇస్త్రీ చొక్కాలో రోలు ముందు సిద్ధం. టక్ టక టక్ అని మూడుసార్లు కొట్టాడు. ఆమె చిరునవ్వు నవ్వుతూనే ఉంది, నోట మాట రావడం లేదు.

"తిట్టు పిన్నీ, నన్నే తిట్టు," అన్నాడు మాస్టారు గుసగుసగా.

"ఎందుకు తిడతా సారూ? విమానమెక్కిస్తుంటే! మా ఆయన బంగారం, నువ్వు బంగారం."

నకాటో తెరలోంచి ఆత్రంగా చూస్తోంది. డప్పులవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ప్రయాణం చేతిలోంచి జారిపోతోందని పున్నయ్యకు అర్థమైంది. ముప్పై రెండేళ్ళ కాపురంలో సంపాదించిన తెలివంతా కూడగట్టుకుని, ఉలి సర్దుకుని, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు.

"ఏమే, ఎంతైనా మీ అన్న భార్య గొంతు నీకంటే చానా బాగుంటది. ఆమెను తీసుకపోతేనో?"

రిహార్సలు అరగంట అనుకున్నారు గానీ, రెండు గంటలు సాగింది.