నికోలా పండుగనాటి ఫ్యాను

ఆ ఉదయం మిలుతిన్ పథకం చిన్నది. అతిథులు వచ్చేలోగా కిటికీ లేని బాత్రూంలో గాలి లాగే ఫ్యాను బిగించాలి. దీపం వేస్తే తిరిగి, ఆర్పిన పావుగంటకు దానంతటదే ఆగే టైమరు ఫ్యాను.

"ఎలక్ట్రీషియన్‌ని పిలవచ్చుగా?" అంది భార్య దరింకా, చేపలకు ఉప్పు పట్టిస్తూ.

"ఇవాళ పునీత నికోలా పండుగ. నోవీసాద్ ఊళ్లో సగం ఇళ్లలో స్లావా, మిగతా సగం ఆ ఇళ్లకే భోజనాలకి పోతారు. ఎవడొస్తాడు? అయినా ఉన్నవి మూడు తీగలే."

"మామయ్య చూస్తే?"

మిలుతిన్ స్క్రూడ్రైవరు అందుకున్నాడు. అతని తండ్రి రాదివోయె ఈ లోకంలో భయపడేది ఒక్కదానికే. ఇంట్లో అడ్డంగా వీచే గాలికి. మెడనొప్పి, పంటిపోటు, పక్కింటివాళ్ల విడాకులు, అన్నీ దానివల్లే వచ్చాయని ఆయన నమ్మకం. వంశపు స్లావాను, అంటే ఇంటి పునీతుడి పండుగను, ఆయన ఈ ఏడే కొడుకు చేతికి అప్పగించాడు. షరతు ఒక్కటే. పండుగ కొవ్వొత్తి సాయంత్రం దాకా వెలగాలి, చివర ఇంటి యజమాని ఎర్ర వైన్‌తో ఆర్పాలి. మధ్యలో కొండెక్కిందో, స్లావా తిరిగి తండ్రి ఇంటికి పోతుంది.

ఫ్యూజుపెట్టె మెట్ల దగ్గర ఉంటుంది. భవనం చూసుకునే బ్రాంకోను అడిగి మిలుతిన్ దాని తాళంచెవి తెచ్చాడు. కరెంటు ఆపి ఫ్యాను బిగించాడు. గాలి ఆడాలని బాత్రూం తలుపు అడుగున రెండు వేళ్ల మందం కోసేశాడు. మళ్లీ కరెంటు వేసి, తాళంచెవి ఇచ్చేసి వచ్చాడు. ఫ్యాను తిరిగింది. దీపం ఆర్పినా తిరుగుతూనే ఉంది.

"చూశావా, టైమరు!"

అది టైమరు కాదు. దీపం స్విచ్చి నుంచి రావలసిన తీగ గోడలోనే ఉండిపోయింది. ఫ్యానులో కరెంటు తీగలు బిగించే రెండు చోట్లా అతను ఎప్పుడూ కరెంటుండే తీగనే బిగించాడు. దీపం వెలుగుతూనే ఉందని ఫ్యాను నమ్మింది. అది ఇక ఆగదు.

మధ్యాహ్నం రాదివోయె, ఆయన చెల్లెలు దెసంకా వచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు. మిలుతిన్ కొవ్వొత్తి వెలిగించాడు. మంట పుడుతూనే నడవా వైపు ఒరిగింది.

"గాలి!" అన్నాడు రాదివోయె, గదిలో శవాన్ని చూసినట్టు. "ఏంట్రా ఆ రొద?"

"ఫ్రిజ్జు నాన్నా. పాతబడింది."

రాదివోయె సోదా మొదలుపెట్టాడు. వీధి తలుపు సందులో కంబళి కుక్కాడు. మంట ఇంకాస్త ఒరిగింది. కిటికీల సందుల్లో తువ్వాళ్లు కుక్కాడు. మంట సన్నబడి, పడుకున్నంత పని చేసింది. ఒక్కో దారీ మూసేకొద్దీ, కొవ్వొత్తి వెనకున్న చివరి సందులోంచి ఫ్యాను మరింత కసిగా లాగుతోంది.

"అన్నయ్యా, ఇంకాస్త బిగిస్తే మనమే కొండెక్కుతాం," అంది దెసంకా.

వంటింట్లో దరింకా గొంతు తగ్గించింది. "ఫ్యూజు తీసెయ్."

"తాళంచెవి బ్రాంకో దగ్గరుంది. బ్రాంకో వాళ్లన్న ఇంటికి స్లావాకి పోయాడు. ఇంకో పది నిమిషాల్లో అదే ఆగిపోతుంది."

"గంట నుంచీ అదే పాట!"

"పోనీ బాత్రూం తలుపు కింద తువ్వాలు కుక్కుదాం."

"తువ్వాలు ఎక్కడుంది? అన్నీ మామయ్య కిటికీలకి కుక్కేశారు. బాత్రూంలో ఒక్కటి మిగిలింది."

ఆ మాటకు ఇద్దరూ ఒకేసారి నడవాలోకి చూశారు. ఆ ఒక్కదాని కోసమే రాదివోయె బాత్రూం తలుపు తెరిచి నిలబడి ఉన్నాడు. తలెత్తి ఫ్యానును చూస్తున్నాడు.

రాదివోయె వేలెత్తి దాన్ని చూపించాడు.

"ఇదా నీ ఫ్రిజ్జు?"

"నాన్నా, అది..."

"ఆపు."

"ఆగదు నాన్నా."

ముందుగదిలోంచి దెసంకా అరిచింది. "అయిపోతోంది, అయిపోతోంది! నీలంగా మారింది!"

రాదివోయె కొడుకును చూశాడు. మఫ్లరు మెడకు రెండు చుట్లు చుట్టాడు, టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. బాత్రూంకు ఎదురుగా ఉన్న వంటింట్లోకి నడిచి, కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. డిసెంబరు చలి లోపలికి దూకి, తిన్నగా బాత్రూంలోకి పోయింది. ముందుగదిలో మంట లేచి నిటారుగా నిలబడింది.

సాయంత్రం మిలుతిన్ దాన్ని ఎర్ర వైన్‌తో ఆర్పేదాకా ఎవరూ ఆ కిటికీ ముట్టుకోలేదు. రాదివోయె ఆ చలిలోనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుని, చేపముళ్లు తీసుకుంటూ తిన్నాడు.

వెళ్లేటప్పుడు కొడుకు ముందు చెయ్యి చాచాడు. "స్లావా నీ దగ్గరే ఉండనీరా. ఆ స్క్రూడ్రైవరు మాత్రం ఇలా ఇవ్వు."

మర్నాడు ఉదయం మెడ పట్టేసింది ఒక్క మిలుతిన్‌కే.