కొలతల పెట్టెకు కొత్త తాళం

జనవరి నెల, సోమవారం పొద్దున్న సెలోర్మ్ వేసుకున్న లెక్క చిన్నది. ఆఫీసుకు వెళ్లగానే పెట్టెకు కొత్త తాళం వేయాలి. ఆ తరువాత కింద సందులోకి దిగి పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన వేడి కెంకే ముద్ద, వేయించిన చేప, నూరిన మిరపకాయ పచ్చడితో తినాలి. తాళం పనికి టీ చల్లారేంత సేపు చాలు. కెంకే దగ్గర మాత్రం వరుసలో నిలబడాలి. తేలికైన పని ముందు, బరువైనది తరువాత. లెక్క బాగానే ఉంది, ఏది తేలికో తెలియకపోవడం ఒక్కటే లోపం.

అతను పనిచేసేది అక్రాలో, ఓసూ పేటలో, మేడమ్ అక్వేలే నడిపే చిన్న కంపెనీలో. ఊళ్లోని దర్జీ ఆడవాళ్లు తమ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ల కొలతలు ఫోనులో ఎక్కిస్తే ఆ కంపెనీ దాచిపెడుతుంది. ఛాతీ, నడుము, చేతి పొడవు. ఇందులో అంత దాచవలసిందేముందని అడిగేవాడు పెళ్లికానివాడై ఉండాలి. కిందటేడు ఒక కొట్లోంచి చర్చి పెద్దగారి భార్య నడుము కొలత జారి, చర్చి వాట్సాప్ గుంపులో పడింది. ఆవిడ చర్చి మారింది. ఆయన కూడా మారవలసి వచ్చింది. ఆ తరువాత తాళం లేని చోట కొలత ఇవ్వడానికి ఏ ఆడమనిషీ ఒప్పుకోలేదు. ఒకరి పరువు పోతే మరొకరికి బేరం వస్తుంది. మేడమ్‌కు వచ్చింది.

తాళం వేసేది ఆఫీసు మూలనున్న కంప్యూటరు. దాన్నే అందరూ పెట్టె అంటారు. కొలతలు అందులో ఉండవు. దర్జీ కొట్టు నుంచి ఒక నడుము కొలత పంపితే, పెట్టె దానికి తాళం వేసి, ఎవరికీ అంతుపట్టని అక్షరాల వరుసగా మార్చి తిప్పి పంపుతుంది. ఆ వరుసను మళ్లీ చూపిస్తే విప్పి కొలత చెబుతుంది. తాళంచెవి మాత్రం పెట్టె దాటి బయటికి రాదు. మేడమ్‌కు కూడా కనిపించదు.

పెట్టెకు ఇంకో గుణం ఉంది. ఆపి మళ్లీ నడిపిస్తే మూసుకునే లేస్తుంది. తెరవడానికి ఒక రహస్యాన్ని అయిదు ముక్కలు చేసి అయిదుగురికి ఇచ్చారు. అందులో ఏ ముగ్గురు కలిసినా తెరుచుకుంటుంది. వేరేచోట అయితే ఆ ముక్కలు కంప్యూటరు తెలిసినవాళ్లకు ఇచ్చేవారు. మేడమ్ అలా చేయలేదు. అంత గౌరవమైన వస్తువు కుర్రాళ్ల చేతిలో పెడితే పెద్దలు ఏమనుకుంటారు? అందుకని తనకొకటి ఉంచుకుని, పాస్టరుగారికి ఒకటి, టెషీలో ఉండే తన మేనమామ అటా లార్యేకు ఒకటి, దర్జీల సంఘం పెద్ద ఆంటీ డేడేకు ఒకటి పంచింది. పెట్టెను చూసుకునేవాడు కాబట్టి మిగిలింది సెలోర్మ్‌కు దక్కింది.

కొత్త తాళం నిజంగానే ఒక్క మీటతో పడింది. అక్కడ ఆగి ఉంటే కెంకే దక్కేది. కాని తెర మీద ఇంకో గడి కనిపించింది. ఎంత పాత తాళం దాకా విప్పనివ్వాలని అది అడుగుతోంది. సెలోర్మ్ జాగ్రత్తపరుడు. కొత్తది వచ్చాక పాతదానితో పనేమిటని, మొదటి తాళమని ఒకటి ఉన్నచోట కొత్తదైన రెండు అని కొట్టి, చెప్పులు వేసుకున్నాడు.

మెట్ల మీద ఉండగానే ఫోను మోగింది. ఆంటీ డేడే.

"సెలోర్మ్, పాటల గుంపు కొలతలు అడిగితే ఎర్రగీతలు చూపిస్తోంది. శనివారం వాళ్ల పెద్దావిడను మట్టి చేస్తున్నారు. గుంపు మొత్తానికి ఒకే గుడ్డ. ఇవాళ కత్తెర పడకపోతే వాళ్లు శవం పక్కన ఏం కట్టుకుని పాడతారు?"

"నెట్‌వర్క్ బాగాలేదు ఆంటీ."

"అలాగా? మరి నువ్వు నాతో ఏ తాడు పట్టుకుని మాట్లాడుతున్నావు నాయనా?"

అబద్ధం కూడా సరుకే. కొనేవాళ్లు దాన్ని తిరగేసి చూస్తారు. సెలోర్మ్ వెనక్కి పరుగెత్తి ఒక కొలత అడిగాడు, ఎర్రగీత. ఇంకొకటి అడిగాడు, ఎర్రగీత. ఊళ్లోని కొలతలన్నీ అంతే. భయపడ్డవాడికి తోచే మొదటి ఉపాయం తోచింది. పెట్టెను ఆపి మళ్లీ నడిపాడు. అది బుద్ధిగా మూసుకుని లేచింది.

ఈలోగా ఆంటీ డేడే సంఘంలోని దర్జీలతో కొలతలు కనిపించడం లేదంది. పక్క వీధికి వెళ్లేసరికి అవి పోయాయన్నారు. బజారు దాటేసరికి ఎవరో ఎత్తుకుపోయారన్నారు. మధ్యాహ్నం రేడియోలో పేర్లతో సహా చదువుతారట అనే మాట సెలోర్మ్ ఫోనుకు వచ్చేసరికి, దాని కింద చర్చి పెద్దగారి భార్య ఏడుపుముఖం బొమ్మ పెట్టింది.

మేడమ్, పాస్టరుగారు ఉపవాస ప్రార్థనకు కొండ మీద ఉన్నారు. అక్కడ ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. ఇక మిగిలింది అటా లార్యే, ఆంటీ డేడే. ముందు తక్కువ భయం ఉన్నచోటికి బయలుదేరాడు. పెద్దవాళ్ల గడప ఉత్తచేతులతో తొక్కకూడదు కనుక ఒక సీసా ష్నాప్స్ సారా కొన్నాడు. ట్రోట్రో వ్యాను ఎక్కి కిక్కిరిసిన సీట్లో కూర్చున్నాక ఆ రెండు అంకె గుర్తొచ్చింది. పాత కొలతలన్నీ పాత తాళం కింద ఉన్నాయి. ఆ తాళాన్ని తన చేత్తో తానే చెరిపేశాడు. ఇక మూడు ముక్కలూ కలిసి పెట్టె తెరిచినా, అందులో ఏముంటుంది? దిగి ఊరు వదిలి పోదామనుకున్నాడు. తలుపు వైపు కూర్చున్నావిడ కాళ్ల మీద కోళ్ల బుట్ట ఉంది. దాటి దిగడం కుదరలేదు.

టెషీలో అటా లార్యే వాకిట్లో కూర్చోబెట్టి ముందు నీళ్లిచ్చారు. తాగాడు. పెద్దాయన వచ్చినవాళ్లతో నేరుగా మాట్లాడడు. ఆయన మాట చెప్పే ముసలాయన పక్కన నిలబడి అడిగాడు.

"ఇక్కడ అంతా చల్లగా ఉంది. దారి నడిచి వచ్చినవాడివి నువ్వు. మాటేంటో చెప్పు."

"పెట్టె మూసుకుపోయింది. అటా దగ్గరున్న ముక్క కావాలి."

"ఎవరు మూశారు?"

"నేనే."

"ఎందుకు?"

"తెరుచుకుంటుందేమోనని."

ముసలాయన పెద్దాయన వైపు తిరిగి, ఆయన విననట్టే, ఆ మాట మళ్లీ చెప్పాడు. "తెరుచుకుంటుందేమోనని మూశాడట."

అటా లార్యే లేచి నిలబడ్డాడు. అంత గౌరవమైన వస్తువును కుర్రాడి జేబులో పంపడం కుదరదన్నాడు. లోపలికి వెళ్లి, తగవులు తీర్చేటప్పుడు కప్పుకునే నల్లబట్ట భుజాన వేసుకుని వచ్చాడు. ముసలాయన సీసా పట్టుకున్నాడు.

కనేషీలో ఆంటీ డేడే కొట్టు ముందు పాటల గుంపు ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్లు తనకోసమే కాచుకుని ఉన్నారని సెలోర్మ్ అనుకున్నాడు. నల్లబట్టలో పెద్దమనిషి, వెనక సీసా, ఆ వెనక ముఖం పాలిపోయిన కుర్రాడు దిగేసరికి వాళ్ల మాటలు ఆగిపోయాయి. ఇంకెవరో పోయారని ఒకావిడ శోకం మొదలుపెట్టింది. పోయిందెవరో తెలియకుండానే పక్కనున్నావిడ అందుకుంది.

ఆంటీ డేడే మెడలో టేపుతో తెర వెనక నుంచి వచ్చింది.

"ఏం నాయనా, నెట్‌వర్క్ వచ్చిందా? పెద్దాయన మోసుకొచ్చారా?"

కొట్టు లోపల సెలోర్మ్ వెంట తెచ్చిన లాప్‌టాప్ తెరిచి, అక్కడి నుంచే ఆఫీసు పెట్టెకు కలిపి, తన ముక్క కొట్టాడు. అటా లార్యే అందరినీ గోడవైపు తిరగమని, ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన ముక్క కొట్టాడు. బయటి వరుసలోని ఆడవాళ్లు కూడా గోడవైపు తిరిగారు, శోకం పెడుతున్నావిడతో సహా. చివరికి ఆంటీ డేడే కొట్టింది. పెట్టె తెరుచుకుంది. కొలత అడిగారు.

ఎర్రగీత.

సెలోర్మ్ గుడ్డల మూట మీద కూలబడ్డాడు. "ఆంటీ, నెట్‌వర్క్ కాదు. పాత తాళాన్ని నేనే చెరిపేశాను. అందరి కొలతలూ పోయినట్టే. మేడమ్‌కు నేనే చెబుతాను."

తాను చేసిన పాపం వాళ్లకు చూపించడానికి ఆ గడి తెరిచాడు. పైన తాళాల వరుస ఉంది. మొదటిది, రెండవది. రెండూ ఉన్నాయి. పాతది చెరిగిపోలేదు. విప్పవద్దని చెప్పాడు గనుక విప్పకుండా కూర్చుంది, అంతే. రెండు కొట్టేసి ఒకటి పెట్టాడు. కొలతలు ఒకదాని తరువాత ఒకటి తెర మీదికి వచ్చాయి.

సెలోర్మ్‌కు ఆనందంతో ఏడుపొచ్చింది. ఆంటీ డేడే మాత్రం నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని తెర చూసింది, తన ఫోను చూసింది, మళ్లీ తెర చూసింది. అతను టెషీ వెళ్లి వచ్చేలోపు ఆవిడ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పాత కొలతలు పోయాయని చెప్పి, తెర వెనక గుంపు మొత్తాన్నీ మళ్లీ కొలిచింది. వరుస అందుకే. పాత లెక్కకూ కొత్త లెక్కకూ మధ్య క్రిస్మస్ పండుగ మొత్తం ఉంది, వేపుడు అన్నం, మేకపులుసు అన్నీ కలిపి.

"ఈ పాతవి పట్టుకుని కత్తెర వేసి ఉంటే, శనివారం పాట ఎత్తుకోగానే కుట్లన్నీ పగిలేవి," అందావిడ మెల్లగా. "నడుము పెరిగింది, మళ్లీ కొలుస్తానని దర్జీ నోటితో అనగలదా? అంటే ఆవిడ మళ్లీ ఆ గడప తొక్కుతుందా?" బయటి వరుస వినకుండా గొంతు ఇంకా తగ్గించింది. "మూసెయ్."

"ఏమిటి ఆంటీ?"

"పొద్దున్న ఎలా మూశావో అలాగే. పోయాయి, దొరకలేదు. పెద్దాయన సాక్షి."

అటా లార్యే తల ఊపాడు. ముసలాయన సీసా మూత తీశాడు.

సెలోర్మ్ ఉద్యోగం పోలేదు. పైగా ఏటా పండుగలు కాగానే పెట్టె చెడగొట్టే బాధ్యత కూడా అతనిదే అయింది. ఆ తరువాత కనేషీలో ఇంతవరకు ఒక్కరి నడుమూ పెరగలేదు, చెడిపోయేది ఎప్పుడూ యంత్రమే.