పెద్దమునియప్ప హాజరు

చెన్నరాయప్ప ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పన్నెండు లోపల ప్రోగ్రాం పూర్తి చెయ్యాలి, మూడింటికి హెడ్డాఫీసు నుంచి వచ్చే ఆఫీసరుకు నడిపి చూపాలి, సాయంత్రం కాడుగోడి బస్సెక్కి ఇంటికి పోయి అమ్మకు "ఉద్యోగం ఖాయమైంది" అని చెప్పాలి. రెండేళ్ల ప్రొబేషన్ ఆవేళతో ముగుస్తుంది. ప్రోగ్రాం నడవకపోతే ఉద్యోగమూ ఉండదని మేనేజరు శ్రీనివాసప్ప ముందే చెప్పి పెట్టాడు. 1987 ఆగస్టు. హూడిలోని ఆ ఆఫీసు చుట్టూ తెల్లవారినుంచీ ముసురు పట్టి, పగలే లైట్లు వేసుకోవలసి వచ్చింది.

చెయ్యవలసింది బ్రహ్మవిద్యేమీ కాదు. ఆఫీసుకంతా ఒకటే కంప్యూటరు, చెన్నరాయప్ప కూర్చునే కన్సోలు కాక దానికి పద్నాలుగు టెర్మినళ్లు. ఏ తీగ చివర ఏ టెర్మినల్ ఉంది, దాని ముందు కూర్చునేది ఎవరు అన్నది ఒక ఫైల్లో వరసగా రాసి ఉంటుంది. సి భాష లైబ్రరీలో ముందే రాసిపెట్టిన ఒక ఫంక్షనుంది. పిలిచినప్పుడల్లా ఆ ఫైల్లోంచి ఒక వరస చదివి చేతికిస్తుంది. చెన్నరాయప్ప ప్రోగ్రాం ఆ వరసలన్నీ పోగుచేసుకుని, ఒక్కో టెర్మినల్‌లో గంట మోగించి, మనిషిని పేరు పెట్టి పలకరిస్తుంది. అయిదు నిమిషాల్లో మీట నొక్కినవాడు హాజరు, నొక్కనివాడు గైరుహాజరు.

పదకొండున్నరకు నడిపి చూశాడు. ఎదురుగా తెర మీద పద్నాలుగు వరసలు పడ్డాయి. పద్నాలుగింటిలోనూ ఒకటే పేరు: పెద్దమునియప్ప, స్టోరు గది.

స్టోరు గుమాస్తా పెద్దమునియప్ప ఉగాదికి ముందు ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. శవాన్ని బయటికి తెచ్చినవాళ్లు తాళం వేశారే గాని, మళ్లీ లోపలికి పోయి టెర్మినల్ ఆర్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇప్పుడు నడవా చివర ఆ తాళం వెనకనుంచి గంట మోగింది. వరసగా పద్నాలుగు సార్లు.

ప్యూను చిక్కమునియప్ప స్టూలెక్కి వెంటిలేటరులోంచి తొంగిచూసి, దిగడం మరిచి దూకేశాడు.

"సామీ! లోపల పచ్చగా వెలుగుతా ఉండాది! దానంతట అదే రాసుకుంటా ఉండాది!"

క్షణంలో అందరూ లేచి చెన్నరాయప్ప వెనక మూగారు. హెడ్ ఆపరేటరు గంగప్ప తెర మీది వరసలు చదివి, లెంపలు వేసుకుని మేనేజరు వైపు తిరిగాడు.

"ఆయప్ప పేరు ఫైల్లోంచి తీసెయ్యమని మీరంటిరి సార్. ఏడాది మాసికాలు కాకముందే పేరు తుడిచేది మా ఇండ్లల్లో లేదని నేను తియ్యలే. ఆ మాట ఆయప్ప చెవిన పడినట్టుండాది. చూడండి, అందరి సీట్లూ పట్టేసినాడు!"

చెన్నరాయప్ప మాన్యువల్ తిప్పి ఆ ఫంక్షన్ పేజీ తీశాడు. చివరి వాక్యం దగ్గర ప్రాణం లేచొచ్చింది. చదివిన వరసను రాసివ్వడానికి ఆ ఫంక్షన్ దగ్గరున్నది ఒకటే పలక. కొత్త వరస రాసేముందు పాతది చెరిపేస్తుంది. అతను దేన్నీ నకలు తీసుకోకుండా పద్నాలుగు సార్లూ అదే పలకను దాచుకున్నాడు. ఫైల్లో ఆఖరి వరస స్టోరు గదిది కాబట్టి పేర్లూ ఆయనవే అయ్యాయి, గంటలూ ఆయన గదికే పోయాయి.

"సార్, దయ్యమూ లేదు గియ్యమూ లేదు. తప్పు నాది!"

"సుమ్మనుండప్పా, నోరెత్తొద్దు," అన్నాడు శ్రీనివాసప్ప గొంతు తగ్గించి. "నీ తప్పయితే నీ ఉద్యోగం పోతాది. ఆయప్ప తప్పయితే ఎవురికీ ఏమీ కాదు."

గంగప్ప తాళం తీసి, గడప లోపల దీపం పెట్టి, ఒక లోటా కాఫీ పెట్టి, వెనక్కి చూడకుండా మళ్లీ తాళం వేసి వచ్చాడు. బూడిదగుమ్మడికాయ కొట్టడానికి ఆఫీసు ఆఫీసంతా, మేనేజరుతో సహా, మూడింటికల్లా తిరిగొస్తామని పెరట్లోని క్యాంటీను రేకుల కిందికి తరలిపోయింది. చెన్నరాయప్ప ఒక్కడే కన్సోలు దగ్గర మిగిలి, ప్రతి వరసకూ విడిగా నకలు తీసేట్టు ప్రోగ్రాం దిద్దాడు.

మూడింటికి రావలసిన ఆఫీసరు రెండున్నరకే వచ్చి నిలబడ్డాడు.

"కానీవయ్యా."

ఖాళీ హాల్లో పదమూడు గంటలు ఒక్కో మూలనుంచి ఒక్కొక్కటిగా మోగాయి. పద్నాలుగోది స్టోరు గదిలోంచి వినిపించింది. రేకుల మీద వాన తప్ప వేరే చప్పుడు లేదు. అయిదు నిమిషాలకు జాబితా వచ్చింది. పదమూడు పేర్ల ఎదురుగా గైరుహాజరు. పద్నాలుగో పేరు ఎదురుగా హాజరు.

ఆఫీసరు హాలంతా కలయజూసి వచ్చాడు.

"ప్రోగ్రాం నిజమే చెబుతోంది. పదమూడు కుర్చీలూ ఖాళీ. ఈ పెద్దమునియప్ప ఎవరు?"

చచ్చిపోయాడంటే ప్రోగ్రాం తప్పవుతుంది.

"స్టోరు గుమాస్తా సార్. చానా పాత మనిషి. సీటు వదిలేదే లేదు."

"అలాంటివాళ్లు ఉండబట్టే కంపెనీలు నిలుస్తున్నాయి," అని ఆఫీసరు ఉద్యోగం ఖాయం చేస్తూ అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

కారు వెళ్లగానే చెన్నరాయప్ప పెరట్లోకి పరుగెత్తాడు.

"గంగప్పన్నా, మీట నొక్కింది నువ్వే కదా?"

"దీపం పెడ్తిని, కాఫీ పెడ్తిని, వస్తిని. టెర్మినల్ దిక్కు తలకాయ కూడా తిప్పలేదప్పా."

ఇద్దరూ కలిసి తాళం తీశారు. కాఫీ మీగడ కట్టి అట్లాగే ఉంది. కీబోర్డు మీద అయిదు నెలల దుమ్ము పేరుకుని ఉంది. అందులో ఒక్క మీట మీద మాత్రం వేలి కొనంత మేర దుమ్ము లేదు. చెన్నరాయప్ప తలుపు మెల్లగా దగ్గరికి లాగాడు. ఉద్యోగం ఖాయమైన సంతోషం అతనికి ఆ రోజంతా రానే లేదు.

వారంలో హెడ్డాఫీసు నుంచి పదమూడు మెమోలూ, పెద్దమునియప్ప పేర ఒక మెచ్చుకోలు పత్రమూ వచ్చాయి. ఖాయమైన ఉద్యోగిగా చెన్నరాయప్పకు మేనేజరు అప్పగించిన మొదటి పని, ఆ పత్రాన్ని సదరు ఉద్యోగికి స్వయంగా అందజేసి సంతకం తీసుకురావడం.