గ్రీజు పూసిన మెదడు

ఒంటిమిట్ట రాముణ్ణి చూసి ఆదివారం సాయంత్రానికి తిరిగి వచ్చేయాలని, ఆ శుక్రవారం పొద్దున్నే కన్యకమ్మ చెల్లెలితో కలిసి డోన్‌లో బస్సెక్కింది. ఆమె వచ్చేలోపు ఇంట్లోని కంప్యూటరుకు పట్టిన దుమ్మంతా వదిలించి పెట్టాలని ఆమె భర్త నాగసుబ్బయ్య అనుకున్నాడు. ఇద్దరివీ మంచి ఆలోచనలే.

ఆ పెట్టె ముందు కూర్చుంటే చాలు, కన్యకమ్మకు తుమ్ములు. అయినా వదిలేది కాదు. చనిపోయిన వాళ్లమ్మ పాడే పెళ్లిపాటలూ ఊయల పాటలూ గుర్తు తెచ్చుకుని, రోజుకొకటి చొప్పున ఏడాదిన్నరగా అందులో తెలుగు అక్షరాల్లో కొడుతోంది. అమ్మ గొంతు ఎట్లాగూ రాదు, పాటలైనా మిగిలితే చాలని ఆమె ఆశ.

నాగసుబ్బయ్యది ట్రాక్టరు సామాన్ల అంగడి. ఏ ముక్కకైనా ఆయన దగ్గర రెండే వైద్యాలు. దుమ్ముకు గాలి, తుప్పుకు గ్రీజు. కంప్యూటరును అంగడికి మోసుకెళ్లి, మూత విప్పి, టైర్లకు గాలి కొట్టే గొట్టం లోపల పెట్టి వదిలాడు. లేచిన దుమ్ముకు ఎదురింటి కోళ్లు పొద్దు గుంకిందనుకుని గంప కిందికి పోయాయి. దుమ్ముతోపాటు బోర్డు మీది చిన్న డబ్బాలు నాలుగు కూడా ఎగిరిపోయాయి. ఇంటికి తెచ్చి పెడితే పెట్టె మళ్లీ వెలగలేదు.

కంప్యూటర్లు బాగుచేసే మురళి వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఇది కంప్యూటరా, లారీనా మామా? మదర్‌బోర్డు పోయింది. ప్రాసెసర్ మాత్రం బతికుండాది" అంటూ బిస్కట్టంత బిళ్లను పీకి చేతిలో పెట్టాడు. "ఇదే దీని మెదడు. పాత రకం. దీనికి సరిపోయే బోర్డు ఈడ దొరకదు, కర్నూలుకు పోవల్ల."

మెదడు అన్న మాట తర్వాత నాగసుబ్బయ్యకు ఇంకేమీ వినిపించలేదు. అయితే పాటలన్నీ ఇందులోనే ఉన్నాయన్నమాట! బిళ్ల అడుగున సన్నటి కాళ్లు వందల్లో ఉన్నాయి. ఒక్క కాలికి తుప్పు పడితే ఒక పాట పోదూ? కొత్త బేరింగుకు పూసినట్టు దిట్టంగా గ్రీజు పట్టించి, పేపర్లో చుట్టి, గుండె దగ్గరి జేబులో పెట్టుకుని శనివారం కర్నూలు బస్సెక్కాడు.

అక్కడ కంప్యూటర్ల అంగడి తేజేశ్వర్ పొట్లం విప్పి బిత్తరపోయాడు.

"ఏందన్నా ఇది, హల్వానా?"

"మెదడప్పా. దీనికి సరిపోయే బోర్డు ఇయ్యి."

పెట్రోలూ పళ్ల బ్రష్షూ పెట్టి అరగంట తోమితే ప్రాసెసర్ బయటపడింది. తేజేశ్వర్ పెదవి విరిచాడు.

"నాలుగువందల డెబ్బై ఎనిమిది కాళ్ల రకం. దీని బోర్డులు రావడం మానేసినాయి. ఇప్పుడొచ్చే ప్రాసెసర్లకు కాళ్లే లేవు, అవి బోర్డుకే ఉండాయి. కొత్త బోర్డంటే కొత్త ప్రాసెసర్ కావల్ల, దానికి కొత్త ర్యామ్ కావల్ల. అన్నీ మార్చేద్దామన్నా. కొత్త మెదడు శానా చురుకు."

"కొత్త మెదడుకు మా ఆమె పాటలు యాడ తెలుస్తాయప్పా!" నాగసుబ్బయ్య బిళ్లను రెండు చేతులా పట్టుకున్నాడు. "వాళ్లమ్మ పాటలు. ఏడాదిన్నర కూర్చోని కొట్టింది. రేపొస్తాది. నేను ఏం ముఖం పెట్టుకోని చూసేది?"

తేజేశ్వర్ నవ్వబోయి మానుకున్నాడు.

"అన్నా, మెదడు ఆలోచన చేస్తాదంతే. దాచిపెట్టేది హార్డ్ డిస్కు. బీరువా మాదిరి. అది యాడుండాది?"

"ఇంట్లోనే, పెట్టెలోనే ఉండాది."

"అయితే పాటలూ ఇంట్లోనే ఉండాయి."

నాగసుబ్బయ్య అతణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. తేజేశ్వర్ చొక్కా నిండా గ్రీజు. ఇక కొత్తవాటి మాట మానేసి, ఆ చొక్కాతోనే, మూతపడిన ఇంటర్నెట్ సెంటరు నుంచి కొన్న పాత సామాన్ల గుట్ట ఎక్కాడు. పదకొండు బోర్డులు పనికిరాలేదు. పన్నెండోది ఆ రకందే. ప్రాసెసర్‌కు వంగిన మూడు కాళ్లను సూదితో నిలబెట్టి అందులో కూర్చోబెడితే తెర మీద అక్షరాలు వచ్చాయి. నాగసుబ్బయ్య ఆ తెరకు దండం పెట్టాడు.

ఆదివారం కన్యకమ్మ ప్రసాదం పొట్లంతో గడప తొక్కేసరికి మురళి బోర్డు బిగించేశాడు. నాగసుబ్బయ్య ఏమీ ఎరగనట్టు నిలబడి, "నీ పాటలు ఒకసారి చూపించవే" అన్నాడు.

కన్యకమ్మకు అవి ఎక్కడుంటాయో తెలియదు. మురళి వెతికాడు. మళ్లీ వెతికాడు. బీరువా ఖాళీ.

నాగసుబ్బయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. "నేనే కన్యకా! నీకు తుమ్ములొస్తాండాయని గాలి కొట్టినా. మీయమ్మ పాటలన్నీ ఎగరగొట్టినా!"

మురళి మాత్రం అనుమానంగా ఆమె వైపు తిరిగాడు. "అత్తా, పాట కొట్టినాక మూసేటప్పుడు ఏం చేస్తావు?"

"అది ఇంగ్లీషులో ఏందో అడుగుతాది. మొదటి గడి సరే, రెండోది వద్దు అని నువ్వే గదా నేర్పింది. నేను వద్దంటా."

"రోజూనా?"

"రోజూ! అర్థం కానిదానికి సరే అనగూడదని ఈయన అంగట్లో అందరికీ చెప్తాంటాడు గదా!"

"దాచిపెట్టమంటావా అని అడుగుతాదత్తా అది! నిన్నటి పాట ఒక్కసారన్నా తీసి చూడలేదా?"

"బీరువాలో పెట్టిన నగలు రోజూ తీసి చూసుకుంటామా నాయనా?"

గాలి ఎగరగొట్టిన పాట ఒక్కటీ లేదు. కన్యకమ్మ తెర వంక చూసింది. తర్వాత మొగుడి బిక్కమొహం చూసింది. నవ్వొచ్చేసింది.

"ఏడవాకండి. మొదట్లో సగం సగమే గుర్తుండేవి. కొట్టి కొట్టి ఇప్పుడు అన్నీ నోటికొచ్చినాయి. నేను పాడతా, మీరు కొట్టండి."

"నాకు కొట్టేది యాడొస్తాదే?"

"గాలి కొట్టేది వచ్చు గదా, ఇదీ వస్తాది. కూర్చోండి."

ఆమె పాడింది. ఆయన ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. దీపాలు పెట్టే వేళకు ఊయల పాట ఒకటి పూర్తయింది. మూయబోతే పెట్టె ఇంగ్లీషులో ఏదో అడిగింది.

నలభై ఏళ్ల వ్యాపారంలో నాగసుబ్బయ్య చదవకుండా సరే అన్నది ఆ ఒక్కసారే.