మూడొందల ఏళ్ల బాణీ

ఆ శుక్రవారం సుబ్బరాజు ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే పెసరట్టు తినడం, వయొలిన్ శ్రుతి చేసుకోవడం, సాయంత్రం దుబాయ్‌లో తెలుగు సంఘం వారి పాత బాణీల పోటీలో ప్రైజు కొట్టడం.

"ఇవాళ కూడా ప్రైజు రాలేదంటే ఆ వయొలిన్ డబ్బా కార్గోలో భీమవరం వెళ్లిపోద్దండి. మళ్లీ చెప్పలేదనొద్దు" అంది భార్య కాత్యాయని, అట్టు వడ్డిస్తూ. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. అల్ కుసైస్‌లోని ఆ రెండు గదుల ఫ్లాటులో ఆర్నెల్లుగా తెల్లవారగానే ఆయన ఒకే కీర్తనతో కుస్తీ పడుతున్నాడు మరి.

పోటీకి కీర్తనలు పనికిరావు, చరిత్ర ఉన్న జానపద బాణీ కావాలి. అది ఆయనకి నెల కిందటే దొరికింది. బాల్కనీలో టైల్స్ వేయడానికొచ్చిన జగిత్యాల మేస్త్రీ భూమేశ్ ఈల వేస్తుంటే ముచ్చటపడి నేర్చుకున్నాడు. పల్లెటూరి మేస్త్రీ నోట వచ్చిందంటే పాతదే అయ్యుంటుందని ఆయన నమ్మకం. దరఖాస్తులో భూమేశ్ దగ్గర నేర్చుకున్నానని, బాణీ వందేళ్ల నాటిదని రాసి, చేయి ఊరుకోక మూడొందలు చేశాడు.

ఆ పొద్దున అట్టు తింటూ, రికార్డు చేసిన బాణీని ఆయన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టగానే, అజ్మాన్ నుంచి ఉమామహేశ్వరి గారు తమ అమ్మమ్మ ఈ పాటతోనే ఉయ్యాల ఊపేదని ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పంపింది. విక్రమ్ అనే ఆయన అది వాళ్లది కాదు, తమ జిల్లాదన్నాడు. రెండో అట్టు అయ్యేలోగా గ్రూపు రెండుగా చీలిపోయింది. అధ్యక్షుడు భీమరాజు ఫోన్ చేశాడు.

"అది ఎవరి దగ్గర పుట్టిందో తేల్చుకు రండి రాజుగారూ. లేకపోతే స్టేజి ఎక్కనివ్వను, ఖలాస్."

సుబ్బరాజు భూమేశ్‌కి ఫోన్ కొట్టాడు.

"నాకేమెరుక సార్! మా క్యాంపు బస్సు నడిపే జానీ బాషా పాడ్తుంటే ఇన్న."

జానీ బాషాని అడిగితే, "డేరా బజార్లో టైలరు రాధాకృష్ణ మిషను తొక్కుతా పాడతాంటే పట్టుకున్న్యా సార్" అన్నాడు.

సుబ్బరాజు మెట్రో ఎక్కి డేరా పరిగెత్తాడు. రాధాకృష్ణ టేపు మెడలో వేసుకుని తెల్లబోయాడు.

"అదేంటి సార్, జాకెట్లు ఇవ్వడానికొచ్చినప్పుడల్లా మీ మేడంగారే కదా తీస్తారు ఆ కూనిరాగం!"

సుబ్బరాజు ఇంటికి ఫోన్ చేశాడు. కాత్యాయని విసుక్కుంది.

"నాకెక్కడిదేంటండీ? ఆర్నెల్ల నుంచి పొద్దున్నే మీరు గోకుతున్నదే కదా! చెవిలో దూరింది, పోవట్లేదు."

తను కీర్తనే వాయిస్తున్నానని సుబ్బరాజు అనుకున్నాడు గానీ, తీగల మీంచి వస్తున్నదేమిటో ఏనాడూ వినలేదు. సిగ్గు వేయాల్సింది పోయి ఆయనకి గర్వం ముంచుకొచ్చింది. తన అపస్వరాలు డేరా చుట్టి, లేబర్ క్యాంపుకి పోయి, జానపదమై తిరిగొచ్చాయి!

సాయంత్రం స్టేజి ఎక్కి, బాణీ వాయించి, గుండె నిబ్బరం చేసుకుని ఉన్న నిజం చెప్పేశాడు. "ఈ బాణీ నాదేనండీ. ఆర్నెల్ల కిందట మా ఇంట్లోనే పుట్టింది."

హాలు గొల్లుమంది. ఆ వెంటనే, పొద్దున్నుంచి కొట్టుకున్న రెండు జిల్లాలూ ఏకమై లేచాయి.

"మా అమ్మమ్మ పాటని మీదంటారా? కళ్లు పోతాయ్!" అంది ఉమామహేశ్వరి.

భీమరాజు మైకు లాక్కున్నాడు. పూర్వీకుల బాణీని కాపాడినందుకు ప్రైజు, పోటీ చూడ్డానికొచ్చిన భూమేశ్‌కి ఇచ్చారు. "నేనేం జేసిన సార్?" అని అతను అడుగుతూనే ఉన్నాడు, శాలువా కప్పేశారు.

మర్నాడు కార్గో ఆఫీసులో మలయాళీ ఆయన వయొలిన్ పెట్టెకి టేపు చుడుతున్నంతసేపూ ఆ బాణీయే ఈల వేశాడు. ఎక్కడిదని సుబ్బరాజు అడిగితే, తమ త్రిశూర్ వైపుదేనని, చాలా పాతదని చెప్పాడు.