ఢిల్లీ డాక్టరు వచ్చిననాడు ఊరు లేదు

ఆ రోజు పొద్దున సిద్దిరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఢిల్లీ డాక్టరుకు శుభ్రమైన ఊరు చూపించాలి, ఒక మంచి మాట అనిపించుకోవాలి, ఆ మాట పట్టుకుని ఆలేరుకు బదిలీ సంపాదించాలి. ఆలేరులో భార్య రాజమణి బడిలో పాఠాలు చెబుతుంది. ఆయన మాత్రం పెళ్లికి ముందు నుంచీ కట్టంగూర్ దగ్గర పిల్లిగుట్టలో ఆరోగ్య కార్యకర్త. "ఈసారన్న బదిలీ కాకుంటే నువ్వు గాడనే ఉండు, నేను ఈడనే ఉంట. ఊకె బస్సులల్ల తిరుగుడెందుకు" అని ఆమె తేల్చి చెప్పేసింది.

అది తొంభై నాలుగు. సూరత్‌లో ప్లేగు అని రేడియో పొద్దస్తమానం మోగుతోంది. అంటురోగాలు చూసే ఢిల్లీ సంస్థ నుంచి మిశ్రా అనే డాక్టరు పిల్లిగుట్టకు వస్తున్నాడు. సిద్దిరాములు ముందురోజే మారయ్యతో డప్పు కొట్టించాడు. ఢిల్లీ డాక్టరు వస్తున్నాడు, ఇళ్లూ వాకిళ్లూ ఊడ్చుకోండి అని.

కట్టంగూర్‌లో డాక్టరుతో పాటు జీపెక్కి కూర్చున్నాడేగానీ సిద్దిరాములుకు స్థిమితం లేదు. చొక్కా సర్దుకున్నాడు, గడియారం చూసుకున్నాడు, మళ్లీ చొక్కా సర్దుకున్నాడు. "జర కుదురుగ కూసో సిద్దన్నా, పెండ్లిచూపులకు పోతున్నట్టు చేస్తున్నవ్" అన్నాడు జీపు నడిపే గులాం నబీ.

ఊరు నిజంగానే అద్దంలా ఉంది. వాకిళ్లలో కసువు లేదు. గుమ్మాలకు వేపమండలున్నాయి. మనుషులే లేరు.

"గిదేంది గులాం భాయ్, ఒక్కడు కనపడడు?"

"నన్నడుగుతవేంది. ఊరు నీది."

మిశ్రా గారు హిందీలో జనం ఏరని అడిగాడు.

"కలుపుకు పోయిన్రు సార్" అన్నాడు సిద్దిరాములు తనకొచ్చిన హిందీలో.

మిశ్రా గారు ఒక ఇంటి ముందు వంగి కోళ్ల గూట్లోకి చూశాడు. ఖాళీ. "కోళ్లు కూడా కలుపు తీస్తాయా?"

"ఈ దిక్కు గట్లనే సార్."

మనుషులు కోళ్లతో సహా పారిపోయారంటే డాక్టరుకు తెలిసిన కారణం ఒక్కటే. మూతికి గుడ్డ కట్టుకుని, గులాం నబీని తొందరపెట్టి, కట్టంగూర్ పోలీసు స్టేషనుకు వెళ్లి వైర్‌లెస్‌లో కబురు పెట్టించాడు. కబురు నల్గొండ చేరేసరికి హైవే మీద బస్సులు ఆగిపోయాయి. కట్టంగూర్‌లో హోటళ్లు తలుపులు దించాయి. మందుల షాపులో గోలీలన్నీ అయిపోతే, తలనొప్పి తైలం కూడా వదలకుండా కొన్నారు.

సిద్దిరాములు మాత్రం జనాన్ని వెతుక్కుంటూ గట్ల వెంట పరుగెత్తాడు. ఊరవతల వాగు ఒడ్డున పొగలు కనిపించాయి. ఊరంతా అక్కడే ఉంది. ఇంటికొక పొయ్యి పెట్టుకుని, ఎవరి కుంపటి వాళ్లది దూరంగా, మేకమాంసం వండుకుంటున్నారు.

"అవ్వా, ఇండ్లు ఊడ్చుకోమంటె ఊరే ఊడ్చుకోని వచ్చిన్రేంది?" అన్నాడు ఊరికి పెద్ద దిక్కయిన నాగులమ్మతో.

"నువ్వే చెప్పిస్తివి గద బిడ్డా. సిన్న రోగమైతె నల్గొండోళ్లొస్తరు. నడిమి రోగమైతె హైద్రాబాదోళ్లొస్తరు. ఢిల్లీ నుంచి వస్తున్రంటె అది ఎంత రోగమైయుండాలె? అందుకే ఊరిడిసినం. ఖాళీ ఇండ్లు సూసి అమ్మతల్లి తన తొవ్వ తను పోతది. ఇంతకు వచ్చిందా?"

"రోగం రాలేదవ్వా, డాక్టరొచ్చిండు."

"సూసి పోయిండా?"

"పోయిండు."

"మరింకేంది, పని చేసింది" అని నాగులమ్మ ఆయనకు విస్తరి వేసింది.

"నీ కాల్మొక్త అవ్వా, జర ఊర్లెకు నడువున్రి. నా బదిలీ పోతది."

"పొద్దుగూకక ముందు ఊర్ల అడుగు వెడితె తప్పు. నీ బదిలీ కోసమని ఊరు సావాల్నా? తిను, సల్లారుతది."

రెండో ముద్ద మింగకముందే జీపు, దాని వెనక పోలీసు వ్యాను, దాని వెనక జిల్లా వైద్యాధికారి కారు వచ్చాయి. పొగ చూసి గులాం నబీయే దారి పట్టించాడు. దారికి అడ్డంగా ఇద్దరు ముసలివాళ్లు నిలబడి, పసుపు వేపాకు నీళ్లతో కాళ్లు కడుక్కోనిదే ఎవరినీ రానివ్వం అన్నారు. మిశ్రా గారు బూట్లు విప్పి కడుక్కున్నాడు. లోపలికొచ్చి చూస్తే ఎవరికీ జ్వరం లేదు, దగ్గు లేదు. ఆరుబయట, ఎడంగా, కాపలాతో ఊరు ఊరంతా ఉంది.

"సర్కారు చెప్పకముందే! ఎవరు చేయించారు ఇదంతా?"

స్నేహితుడిని గట్టెక్కిద్దామని గులాం నబీ చెయ్యి చాపి సిద్దిరాములును చూపించాడు.

"నేను చెయ్యలె సార్. ఒట్టు. నాకేం తెల్వది" అన్నాడు సిద్దిరాములు, నోట్లో ముద్దతోనే.

అంత వినయం మిశ్రా గారు ఢిల్లీలో చూడలేదు. సిద్దిరాములు భుజం తట్టి జిల్లా వైద్యాధికారి వైపు తిరిగాడు. "ఇలాంటి మనిషి దొరకడు. రిటైరయ్యేదాకా ఈయనను ఈ ఊరి నుంచి కదపకండి." వైద్యాధికారి అక్కడికక్కడే తల ఊపాడు.

"సార్, ఆలేరు..." అన్నాడు సిద్దిరాములు.

"ఆలేరు వాళ్లకు ఇంకొకరు ఉంటారు. ఇక్కడికి నువ్వే కావాలి."

ప్లేగు పిల్లిగుట్ట దరిదాపులకు రాలేదు. ఊరు మొత్తం మీద జ్వరంతో పడుకున్నది సిద్దిరాములు ఒక్కడే.