కాఫీలో కడగాల్సిన ఫొటోలు

ఫిల్ము ముక్క నల్లబడటం లేదు. గ్లాసులో ఎంతసేపు ముంచినా కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది.

స్నానాల గదిలో ఫల్గుణకు ముచ్చెమటలు పోశాయి. పరీక్షకని వెలుతురు చూపించిన ముక్క, ఫిల్ము కడిగే మందులో నల్లబడాలి. ఇదే నల్లబడకపోతే, పక్కన డబ్బాలో మూత బిగించిన అసలు రీలు కడిగినా ఒక్క బొమ్మా రాదు. నిన్నటి థింసా ఆటపాటల కచేరీ అంతా ఆ రీల్లోనే ఉంది.

వరండాలో విశాఖ నుంచి వచ్చిన బ్యాండు నాయకుడు దేవీప్రసాద్ ఎదురుచూస్తున్నాడు. ఫొటోలు నచ్చితే అతని కొత్త ఆల్బమ్ అట్ట మీద ఫల్గుణ తీసిన ఫొటో, ఆపైన అన్ని కచేరీలకూ ఫల్గుణే ఫొటోగ్రాఫర్. లేకపోతే మళ్లీ పాస్‌పోర్టు ఫొటోలే. "గడ్డం కాస్త దించండి" అంటూ బతకాలి.

"అరకు పాట, అరకు కాఫీలో కడిగిన ఫొటో!" అని గొప్పలు పోయింది తనే. కాఫీ పొడి, బట్టల సోడా, సి విటమిన్ మాత్రలు కలిపితే ఫిల్ము కడిగే మందు తయారు. సోడా, మాత్రలు కొన్నాడు. కాఫీ పొడి మాత్రం భార్య చిట్టెమ్మ డబ్బాలోంచి రోజూ కాస్త కొట్టేసి దాస్తున్నాడు. సొంత తోట గింజలు ఏరి, వేయించి, దంచుకున్న పొడి. అడిగితే ఇవ్వదని అడగలేదు. డబ్బా తరిగిపోతోందని ఆమె గోల పెడితే, తుడుం డోలు వాయించే స్నేహితుడు ధనరాజు మీదికి తోసేశాడు.

ఫల్గుణ గ్లాసు వాసన చూశాడు. రాగి అంబలి వాసన!

వంటింట్లోకి పరిగెత్తాడు. "చిట్టీ! డబ్బాలో ఏటి పోసినావే?"

"ఏ డబ్బా?"

"కాఫీ డబ్బా!"

"దాంతో నీకేటి పని? నువ్వు టీ తప్ప ముట్టవు కదా."

ఫల్గుణ నాలుక కరుచుకున్నాడు. ఆలస్యమైపోయింది.

"మాడ్సిన సోళ్ళ పిండి పోసినాను," అంది చిట్టెమ్మ తాపీగా. "తాగే దొంగయితే ఎప్పుడో ఉమ్మేసును. రోజూ తరుగుతోంది గానీ ఎవుడూ ఉమ్మలేదు. దొంగ తాగట్లేదని అప్పుడే తెలిసింది."

"అసలు పొడి బేగి ఇయ్యే! వరండాలో బాబు బస్సెక్కిపోతాడు!"

"ఇత్తాను. ముందు దొంగ పేరు సెప్పు. ఇక్కడ కాదు, వరండాలో."

వరండాలో దేవీప్రసాద్ చేతిలో పొగలు కక్కే కాఫీ, పక్కనే ధనరాజు చేతిలో మజ్జిగ.

"నాకు మళ్లీ మజ్జిగేనా వదినా?"

"అదేంటి గురూ, నీకు కాఫీ పడదా?" అన్నాడు దేవీప్రసాద్.

"పడద్ది బాబూ. కాఫీ దొంగనంట, అందుకే పొయ్యరు."

చిట్టెమ్మ అసలు డబ్బా చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఫల్గుణ దగ్గాడు.

"అదీ... దొంగ బయటోడు కాదు."

"పేరు."

"ఇంట్లోవాడే..."

"పేరయ్యా! సంతదాకా ఇనపడాల."

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. దేవీప్రసాద్ బ్యాగు అందుకున్నాడు.

ఫల్గుణ కళ్లు గట్టిగా మూసుకుని, కొండలు మారుమోగేలా అరిచాడు.

"ఫల్గుణ!"